ఎడమ కాలుకు పనిలేని బండి

మా బావ అస్థికలు ధర్మపురి గోదావరిలో కలపడానికి బయల్దేరే పొద్దున, ఎదురింటి అవ్వ తన గేటు ముందు నిలబడి ఏడుస్తోంది. అది లోకం కోసం ఏడ్చే ఏడుపు కాదు. బావంటే ఆమెకు సొంత కొడుకు కంటే ఎక్కువ. కానీ ఆమె నిలబడ్డ తీరులోనే ఏదో తేడా ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టి, చీర కుచ్చిళ్ళు వెడల్పుగా పరుచుకుని, గేటు మూలకు అడ్డంగా నిలబడింది. కళ్ళు తుడుచుకోవడానికి చెంగు ఎత్తబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కిందికి జార్చి, మోచేత్తో తుడుచుకుంటోంది. చీర అంచు పక్కనుంచి ఒక సీసా మూత తొంగి చూస్తోంది.

అంత దుఃఖంలోనూ నాకు నవ్వు ఆగలేదు. కండువా నోట్లో కుక్కుకుని బండి చాటుకు పోయాను. "పాపం, బామ్మర్ది తట్టుకోలేకపోతున్నడు" అన్నారు అక్కడున్న చుట్టాలు. తట్టుకోలేకపోయిన మాటా నిజమే.

ఆ సీసా కోసం బావ ఏళ్ళ తరబడి అవ్వతో పంచాయితీ పెట్టుకున్నాడు. "మా ఇంట్ల లేదు కొడుకా, నీ మీద ఒట్టు" అనేది ఆమె. "నా మీదెందుకు ఒట్టు, సీస మీద పెట్టుకో" అనేవాడు ఆయన. ఆయన పోయాక ఇక దాచే పని లేదనుకుందేమో, తెచ్చి గేటు ముందు పెట్టుకుంది. మేమంతా ఒక్కసారే బయటికి వస్తామని మాత్రం అనుకున్నట్టు లేదు.

మా బావది బీర్పూర్. తాటిచెట్లెక్కే ఇంట్లో పుట్టి, తాటిచెట్లే ఎక్కాడు. ఒకనాడు చెట్టు మీదినుంచి పడ్డాడు. పడ్డాడని మనం అనాలి గానీ ఆయన ఎన్నడూ అనలేదు. "గా దినం జెర జల్ది దిగిన" అనేవాడు. ఆ జల్దిలో ఎడమ కాలు మోకాలి కింద పట్టు తప్పింది. కర్ర పట్టుకుని నడిచేవాడు గానీ స్కూటరుకు కాలు ఆన్చలేడు, మోటార్‌సైకిల్ గేరు మార్చలేడు, కారైతే క్లచ్చు తొక్కలేడు.

మా అక్క బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. తర్వాత ఇద్దరూ కోరుట్లకు వచ్చి బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల దుకాణం పెట్టుకున్నారు. దుకాణం బాగానే నడిచింది. బావకు కష్టమంతా ఎక్కడికైనా పోవాల్సి వచ్చినప్పుడే. మల్యాలలో పెళ్ళంటే పొద్దున్నే తెల్లంగి తొడుక్కుని గేటు ముందు స్టూలేసుకుని కూర్చునేవాడు. "వస్తున్న బావా" అని ఫోన్లో చెప్పినవాడు ఇంకో దారిన పోయి, పెళ్ళి భోజనంలో గుర్తొచ్చి నాలుక కరుచుకునేవాడు. అట్లాంటి ఒక రోజు నేను సిరిసిల్ల నుంచి వాళ్ళింటికి పోయేసరికి సాయంత్రమైంది. బావ ఇంకా ఆ అంగీతోనే, ఆ స్టూలు మీదే ఉన్నాడు.

"మూట నయ్యం రా బామ్మర్ది" అన్నాడు. "మూటనైతే ఏడ దించాల్నో ముందుగాలనే రాస్తరు."

ఆయనే లేచి స్టూలు లోపల పెట్టాడు. "ఇగ నన్ను ఎక్కించుకపొమ్మని ఎవ్వర్ని అడగ" అన్నాడు. నాకైతే అది ఏడుపులా వినబడింది.

ఆటోమేటిక్ కారు సంగతి ఆయనకు జగిత్యాలలో కాలు చూసిన డాక్టరు వల్ల తెలిసింది. డాక్టరు నోటితో చెప్పలేదు. ఈ కాలు ఇంతేనని చెప్పి పంపేసి, ఆస్పత్రి ముందు తన కారెక్కి వెళ్ళిపోయాడు. బావ గేటు దగ్గర నిలబడి ఆ డాక్టరు కాళ్ళనే చూశాడు. ఇంటికొచ్చి, కర్ర కూడా కింద పెట్టకముందే అక్కను కేకేసి చెప్పాడు: "డాక్టర్ సారు ఎడమ కాలు గూడ నా లెక్కనే పండుకున్నదే!"

ఏడాది తిరగకుండానే ఒక పాత ఆటోమేటిక్ కారు ఇంటి ముందుకొచ్చింది. దాన్ని జగిత్యాల నుంచి నడుపుకొచ్చే భాగ్యం నాకు దక్కింది. సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్ల నుంచి గుడ్డ తానులు వ్యానులో వేసుకుని తిరగడం నా పని. ఎడమ కాలు పుట్టినప్పటి నుంచీ క్లచ్చు మీదే ఉంది. జగిత్యాల దాటక ముందే ఎద్దు అడ్డమొచ్చింది. నా ఎడమ కాలు అలవాటుగా క్లచ్చు కోసం పోయి, అక్కడున్న బ్రేకును శక్తికొద్దీ తొక్కింది. బావ నుదురు అద్దానికి తగిలింది. ఎద్దు కూడా ఉలిక్కిపడింది. బావ నన్ను తిట్టలేదు. నుదురు రుద్దుకుంటూ నా ఎడమ మోకాలి మీద ఫట్టుమని ఒక్కటి వేశాడు.

"ఎడమ కాలు ముడుసుకో."

ఆ రోజు నుంచి అదొక ఆచారమైంది. ఆ కారు స్టీరింగు ముందు ఎవరు కూర్చున్నా, ఎడమ కాలు ముడిచి కుడి తొడ కింద పెట్టుకుంటే తప్ప బావ తాళం ఇచ్చేవాడు కాదు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన చుట్టాన్ని కూడా అట్లాగే కూర్చోబెట్టి, మోకాలి మీద ఫట్టుమనిపించాడు. పాపం ఆయన ధ్యానంలో ఉన్న మునిలా కారు నడిపాడు. బావకు తన కాలు చచ్చుబడిందన్న బాధ ఆ కారుతో పూర్తిగా పోయింది. ఎడమ కాలున్న మిగతావాళ్ళందరి మీదా జాలి మొదలైంది. "దేవుడు ఊకెనే ఇచ్చిండు దాన్ని. బరువు దండగ" అనేవాడు.

కారెక్కేటప్పుడు ఎడమ చెప్పు గడప దగ్గరే వదిలేసేవాడు. దానితో వాడకట్టుకంతా ఒక గుర్తు దొరికింది. గడప దగ్గర ఒక్క చెప్పుంటే బావ ఊరెళ్ళినట్టు, రెండూ ఉంటే ఇంట్లో ఉన్నట్టు.

రెండేళ్ళు బాగా తిరిగాక కారుకు ఒక రోగం పట్టుకుంది. ఎక్సలేటరు తొక్కితే ఇంజను గుయ్యిమని అరుస్తుంది గానీ బండి ముందుకు పోదు. కాసేపు ఆలోచించి, ఒక్క కుదుపు కుదిపి, అప్పుడు కదులుతుంది. మా సాంచాకు బెల్టు జారినప్పుడు ఇట్లాగే చప్పుడు ఉంటుంది, గుడ్డ ఉండదు. కోరుట్ల మెకానిక్కులు బానెట్టు ఎత్తి చూసి, టీ తాగి, "గేర్ల బండి ఉంటే చెప్పు అన్నా" అన్నారు. జగిత్యాలలో ఒకాయన బానెట్టు కూడా ఎత్తలేదు, టీ మాత్రం తాగాడు. పెద్ద షోరూముకు ఫోను చేస్తే, ఆ గేర్‌బాక్సులో ఆయిల్ ఎన్నటికీ మార్చక్కర్లేదని, బండి ఉన్నన్నాళ్ళూ అదే ఉంటుందని ఒక అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది.

బావకు అది నచ్చలేదు. "పొద్దుగాల దింపిన కల్లు మాపటికి పులుస్తది. ఇన్నేండ్ల ఆయిలు పులవకుంట ఎట్లుంటది?" అన్నాడు. ఫోన్లో ఒక వీడియో పట్టుకున్నాడు. ఎవరో తెల్లాయన తన ఇంటి ముందే కారు కిందికి దూరి ఆయిల్ దింపి, ఫిల్టరు మార్చి, కొత్తది పోస్తున్నాడు. బావ దాన్ని సౌండు లేకుండా చూసేవాడు. భాష రాదని కాదట. "మాట ఇంటే చెయ్యి సరిగ్గ కనవడది" అన్నాడు.

ఇటు మా అక్కకు భయం పట్టుకుంది. లారీల మధ్యలో బండి ఆలోచించడం మొదలుపెడితే మనిషి దక్కడని ఆమె బాధ. బావకు చెప్పకుండా మేడిపల్లిలో ఒకాయనకు కారు అమ్ముతామని మాటిచ్చింది. విషయం బయటపడ్డ రాత్రి ఇంట్లో అన్నం కుండ అట్లాగే ఉండిపోయింది. చివరికి ఒప్పందం కుదిరింది. మేడిపల్లి ఆయన ఆదివారం మాపటికి వస్తాడు. ఆలోపు ముగ్గురం ఎక్కితే కారు కొండగట్టు గుట్ట ఎక్కాలి. ఎక్కితే ఉంటుంది. లేకపోతే బావ తాళం తన చేత్తోనే ఇచ్చేయాలి.

"ఇచ్చేస్త" అన్నాడు బావ. ఆ మాట అంటూ స్టూలు వైపు చూశాడు. అది నేను చూశాను.

ఆదివారం తెల్లవారే సరికి నేను కోరుట్లలో ఉన్నాను. బావ తలస్నానం చేసి, చెట్టుకు మొక్కినట్టే బానెట్టుకు మొక్కాడు. కారును ఎత్తడానికి రెండు తాటి మొద్దులు వాలుగా చెక్కించి పెట్టాడు. అవి ఏవో మొద్దులు కావు. బీర్పూర్‌లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చెట్లలో తనను పడేసిన చెట్టును గుర్తుపట్టి, దాని ముక్కలే ట్రాలీలో తెప్పించుకున్నాడు. "నన్ను దించింది గదా, ఇప్పుడు బండిని మొయ్యని" అన్నాడు.

తర్వాత పెట్టెలోంచి మోకు తీశాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే తాడు అది. దాన్ని నడుముకు కట్టుకుని, కొస నా చేతికిచ్చాడు.

"బావా, నువ్వు పోయేది కిందికి. పైకి గాదు."

"అందుకే నీ చేతికిచ్చిన. నేను కేకేస్తే గుంజు."

"ఏమని కేకేస్తవ్?"

"అప్పుడు నోటికేదొస్తే గదే."

వెల్లకిలా పడుకుని కారు కిందికి పాకాడు. బయట కాళ్ళు మాత్రం మిగిలాయి. నేను తాడు పట్టుకుని, గేదెను మేపడానికి వచ్చినవాడిలా నిలబడ్డాను.

మొదటి సగం చక్కగా జరిగింది. గేర్‌బాక్సు అడుగున ఒక బోల్టు విప్పగానే ఆయిల్ తొట్టెలోకి కారింది. కొత్తదైతే తేట ఎరుపట. ఇది బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలా ఉంది. ఆ బండికి ఆయిల్ ఎంతుందో చూసుకునే పుల్ల పెట్టలేదు కంపెనీ వాళ్ళు. కాబట్టి ఎంత దిగిందో అంతే పోయాలి. తక్కువైనా గేర్‌బాక్సు పోతుంది, ఎక్కువైనా పోతుంది. అందుకని దుకాణంలోంచి ఒకే సైజు ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు తెచ్చాడు బావ. తొట్టెలో పడ్డదాన్ని గరాటుతో సీసాల్లోకి పట్టడం, ప్రహరీ గోడ మీద గేటు స్తంభం నుంచి మల్లెపందిరి వైపు వరసగా పెట్టడం నా పని. తాడు వదలకుండా ఇదంతా చేయాలి.

తర్వాత ఫిల్టరు కోసం అడుగు పళ్ళెం విప్పాలి. వీడియోలో తెల్లాయన ఒక పక్క బోల్టులు వదిలేసి, రెండో పక్క మెల్లగా వంచాడు. ఆ సమయంలో ఆయన ఏదో చెబుతూనే ఉన్నాడు. సౌండు లేదు కదా, బావకు అది తెలియలేదు. అన్ని బోల్టులూ విప్పేశాడు. పళ్ళెం, అందులో మిగిలిన ఆయిలూ కలిసి ఆయన ముఖం మీద పడ్డాయి.

నోటికేదొస్తే అది కేకేశాడు. ఆ మాట ఇక్కడ రాయలేను. నేను తాడు గుంజాను. కాళ్ళు కొట్టుకుంటున్నాయి, ఎర్రటి ధార కారు కింది నుంచి గేటు దాటి మోరీ కాలువ వైపు పోతోంది, నేను తాడు పట్టి లాగుతున్నాను. సరిగ్గా అప్పుడే ఎదురింటి అవ్వ మూతున్న స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది.

"యాట కోసిండ్రా బిడ్డా? వాడకట్టోళ్ళకు ఒక మాట చెప్పద్దా? మాకో పోగు పెట్టుండ్రి."

ఆమె తప్పేమీ లేదు. ఆదివారం పొద్దున తాడు, కాళ్ళు, ఎరుపు కనబడితే మా దిక్కు ఎవరైనా యాటను కోసి మాంసం పోగులేస్తున్నారనుకుని గిన్నె తెచ్చుకుంటారు. ఆమె వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు గిన్నెలతోనే వస్తున్నారు. అప్పుడు బావ బయటికి వచ్చాడు. తల నుంచి నడుము దాకా ఎర్రగా, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాడు.

"అయ్యో కొడుకా, నువ్వే కోసినవా!" అంది అవ్వ.

"యాట గాదవ్వా, గేరాయిలు!"

"ఏదైతేంది. కార్జం ఎవరికన్న చెప్పిండ్రా?"

బావకు జవాబిచ్చే తీరిక లేదు. నేల మీది ఆయిల్ మోరీలోకి పోతే లెక్క తప్పుతుంది. అంగీ విప్పి దానితోనే నేలంతా అద్ది, ఒక సీసాలోకి పిండాడు. బనీనూ పిండాడు. తల వెంట్రుకలు కూడా పిండబోతే అక్క అడ్డుపడింది. ఆ సీసాను వరస చివర పెట్టి, స్నానానికి పోయాడు. బకెట్లు మోస్తూ, వీపు రుద్దుతూ నేనూ వెంట పోయాను. ఆయన వీపు మీదినుంచి ఆయిల్ వదిలించేసరికి సబ్బు అరిగిపోయింది.

మేము తిరిగి వచ్చేసరికి గోడ మీద ఒక్క సీసా కూడా లేదు.

"సీసలేవి?" అన్నాడు బావ. తువ్వాలు మీదే ఉన్నాడు.

అక్క ఆశ్చర్యంగా చూసింది. "పాపం, పోగులకని గిన్నెలు పట్టుకొచ్చి ఉత్తగ పోతుండిరి. గీ ఎర్రనీళ్ళ సీసలన్న ఇయ్యి, కుక్కలు రాకుంట గేటు ముంగట పెట్టుకుంటం అంటే ఇచ్చిన. గోడంత జిడ్డు జిడ్డు."

"అవి నా లెక్కలే!"

"లెక్కలు ఎవరన్న సీసలల్ల పెట్టుకుంటరా?"

బావ ఆ తువ్వాలుతోనే, కర్ర పట్టుకుని వాడకట్టులోకి బయల్దేరాడు. గంప పట్టుకుని నేను వెనక. ప్రతి గేటు ముందూ మా గేర్‌బాక్సు ఆయిలే నిలబడి ఉంది. ఒకామె అప్పటికే పసుపు బొట్టు కూడా పెట్టింది. "ఒక్క పూటకు పట్టుకపోయి మళ్ళ తెచ్చియ్యి అన్నా, కుక్క ఇటు చూస్తలేదు" అని బతిమాలింది. కొలత అయ్యాక ఇస్తానని బావ మాటిచ్చాడు. తర్వాత నిజంగానే ఇచ్చాడు కూడా.

అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "మా ఇంట్ల లేదు కొడుకా."

"నీకిచ్చిన అన్నది మా ఆమె."

"ఇచ్చిందేమో. ఇప్పుడైతే లేదు."

తెచ్చినవి గోడ మీద ముందున్నట్టే పేర్చాం. గేటు స్తంభం నుంచి వరస సరిగ్గా వచ్చింది. మల్లెపందిరి దగ్గర మాత్రం ఒక సీసా పట్టేంత చోటు ఖాళీగా మిగిలింది. అంగీ పిండిన సీసా అదే. అందులో ఎంతుందో చూసినవాళ్ళం ఇద్దరమే. నిండా ఉందని నేను, సగమే ఉందని బావ. అక్కను అడిగితే, "నేను సీస చూసిన్నా, జిడ్డు చూసిన్నా?" అంది.

వాదన ఆపి బావ మళ్ళీ కారు కిందికి పోయాడు. నేను మళ్ళీ తాడు పట్టుకున్నాను. పాత ఫిల్టరు ఊడదీసి కొత్తది బిగించాడు. పళ్ళెంలోని అయస్కాంతానికి అంటుకున్న ఇనప మడ్డి తుడిచాడు. ఈసారి అన్ని బోల్టులూ బిగించాడు. పాత ఫిల్టరును పారేయనివ్వలేదు, దిష్టికని గేటుకు కట్టించాడు. తర్వాత ఒక్కో పాత సీసా పక్కన ఖాళీ సీసా పెట్టి, సమానంగా కొత్త ఆయిల్ నింపి, పొడుగు గొట్టంతో పై నుంచి పోశాం. చివరికి గోడ మీది ఆ ఖాళీ దగ్గరికి వచ్చాం.

"నిండుగ పొయ్యి బావా. తక్కువైతే కష్టం."

ఆయన ఆ చోటు వైపు చాలాసేపు చూశాడు. అక్కడ లేని సీసాలో మట్టం చూస్తున్నాడు. "సగమే" అన్నాడు. సగమే పోశాడు.

మధ్యాహ్నం ముగ్గురం బయల్దేరాం. బావ స్టీరింగు ముందు, అక్క పక్కన, నేను వెనక. జగిత్యాల దాటాం. మల్యాల రోడ్డు మీద కారు మెత్తగా పోయింది. బావ అద్దంలో నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. గుట్ట మలుపు దగ్గర మాత్రం ఇంజను గుయ్యిమంది, బండి ఆలోచించింది. వెనక నుంచి ఒక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. అక్క తలుపు పిడి పట్టుకుంది. నేను వెనక సీటులో రెండు కాళ్ళతోనూ లేని పెడళ్ళు తొక్కుతున్నాను. ఆ క్షణంలో నాకు కనబడింది ఒక్కటే: గేటు ముందు స్టూలు, తెల్లంగి.

బావ ఎక్సలేటరు మీద నుంచి కాలు తీసేశాడు. రెండు చేతులతో తన ఎడమ కాలును ఎత్తి, ముడిచి, కుడి తొడ కింద పెట్టుకున్నాడు. ఆ కాలు ముడవకపోయినా ఏమీ చేయలేదు, పాపం. అయినా ఆచారం ఆచారమే కదా. మళ్ళీ మెల్లగా తొక్కాడు. లోపల ఎక్కడో టప్పుమంది. బండి గుట్ట ఎక్కింది.

పైన ఆగాక బావ దిగలేదు. "మీరు పోయి కొబ్బరికాయ కొట్టి రాండ్రి, నేను బండి కాడ ఉంట" అన్నాడు. మేము తిరిగి వచ్చేసరికి మేడిపల్లి ఆయనతో ఫోనులో మాట్లాడుతున్నాడు. "బండి లేదన్నా. గుట్టెక్కింది" అని పెట్టేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నూనె మంట అన్నాడు. సబ్బు అరిగేదాకా రుద్దిన ముఖంలో నూనె ఎక్కడిది? ఆ రోజు ఆయన ముఖంలో చూసిన సంతోషాన్ని నేను పెళ్ళి పందిట్లో కూడా చూడలేదు. అక్క కొబ్బరి చిప్ప ఆయన చేతిలో పెట్టి, తల తిప్పుకుని తనూ ఏడ్చింది.

గుట్ట దిగుతుంటే ఒక ముసలాయన నడుస్తూ కనబడ్డాడు. బావ బండి ఆపాడు. "ఎక్కు పెద్దయ్యా. ఏడ దించాల్నో ముందుగాలనే చెప్పు" అన్నాడు.

ఆ తర్వాత ఆ కారు ఎన్నడూ ఖాళీగా పోలేదు. రోడ్డు మీద ఎవరు నిలబడినా ఎక్కించుకునేవాడు, ఏడ దించాల్నో ముందే అడిగేవాడు. వద్దన్నవాళ్ళను కూడా ఎక్కించుకునేవాడు. అవ్వను షుగరు పరీక్షలకు జగిత్యాల తీసుకుపోయేదీ ఆయనే. పోతున్నంతసేపూ సీసా గురించి కొట్లాట. బండి ఎప్పుడైనా కాస్త కుదిపితే, "ఇగో, గిది నీ సీస మహిమే" అనేవాడు. "సీస గీస నాకు తెల్వదు, జెర మెల్లగ పోనియ్యి" అనేది అవ్వ. నేను కారెక్కితే మాత్రం, "నిండుగుండె అన్నవ్ గదా! సగం పోస్తెనే నడుస్తున్నది సూడు" అని అద్దంలో నా వైపు చూసి నవ్వేవాడు. నేను ఒప్పుకునేవాడిని కాదు. ఒప్పుకుంటే ఇక బావాబామ్మర్దులం ఎట్లా అవుతాం?

నిద్రలోనే పోయాడు. అక్క ఫోను చేస్తే సిరిసిల్ల నుంచి వ్యానులోనే వచ్చేశాను. గడప దగ్గర రెండు చెప్పులూ ఉన్నాయి.

అస్థికలు కలపడానికి మల్యాల చుట్టం ఒకాయన పెద్ద కారు తెచ్చాడు. అందరం అందులోనే పోదాం, ఏసీ ఉందన్నాడు. అక్క తెల్లగుడ్డ కట్టిన ముంత ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"వద్దు. ఆయన ఇంకొకరి బండి ఎక్కడు" అంది. "తమ్మీ, తాళం తీసుకో."

నేను కారు గేటు బయటికి తెచ్చి ఆపాను. అక్క ముంతతో నా పక్కన కూర్చుంది. అప్పుడు అవ్వకు ఇక ఆగలేదు. కుచ్చిళ్ళూ చెంగూ అన్నీ మర్చిపోయి ముందుకొచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ముంతను తాకింది. "నన్నింక జగిత్యాల ఎవడు తీస్కపోతడు కొడుకా" అని ఏడ్చింది. ఆమె వెనక సీసా బట్టబయలైంది.

సీసా నిండా ఉంది. కానీ కింది సగం తేట నీళ్ళు, పై సగం ఎరుపు. నిండుగా కనబడాలని అవ్వ ఎప్పుడో నీళ్ళు పోసింది. ఆయిల్ నీళ్ళతో కలవలేదు, మీదే తేలి అట్లాగే నిలబడింది. గీత గీసినట్టు సరిగ్గా సగం.

"అక్కా, సగమే ఉండె" అన్నాను.

అక్క సీసా వైపు చూసింది. "ఆయినె చెప్పనే చెప్పె గదా" అంది. ఇన్నేళ్ళు ఒప్పుకోని నేను, ఒప్పుకుందామంటే ఎదురుగా మనిషి లేడు. అద్దంలో ఎవరైనా నవ్వుతున్నారేమోనని చూశాను కూడా. వెనక సీటు ఖాళీగా ఉంది.

బండి కదిలింది. మెత్తగా పోతోంది. మేడిపల్లి దగ్గర స్పీడ్ బ్రేకరు కళ్ళనీళ్ళల్లో నాకు కనబడలేదు. కనబడేసరికి ముందు చక్రాలు దాని మీదే ఉన్నాయి. నా ఎడమ కాలు, అన్నేళ్ళ పాఠం మర్చిపోయి, వ్యానులో తొక్కినట్టు శక్తికొద్దీ తొక్కింది. కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. అక్క ముంతను గుండెకు హత్తుకుంది.

నేను స్టీరింగు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. అప్పుడు నా ఎడమ మోకాలి మీద ఫట్టుమని దెబ్బ పడింది.

పక్కకు చూశాను. అక్క ఒక చేత్తో ముంత పట్టుకుని, రోడ్డు వైపే చూస్తోంది.

"ఎడమ కాలు ముడుసుకో" అంది.

ముడుచుకున్నాను.